హైదరాబాద్ నుంచి అమెరికాకు: అమ్మానాన్నలకు ఏ దారి, ఏ విమానం, ఏ సీటు?

సెలవులకు అమ్మానాన్నలను అమెరికా పిలిపించుకునేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత ఎయిర్‌లైన్ పేరు చూస్తారు. సీటు సంగతి చెకిన్ రోజు గుర్తొస్తుంది. అప్పటికి మిగిలేవి చెరో వరసలో మధ్య సీట్లే. ఇంట్లోవాళ్లకీ, చుట్టాలకీ, స్నేహితుల తల్లిదండ్రులకీ టికెట్లు చూసిపెట్టడం నాకు అలవాటైన పని. అందులో నా వరస వేరు. మొదట కూర్చునే మనిషిని చూస్తాను: మోకాళ్లు ఎలా ఉన్నాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఏదైనా కావాలంటే నోరు తెరిచి అడుగుతారా. తర్వాత ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోవాలో, ఆ గంటలు ఏ విమానంలో గడుస్తాయో చూస్తాను. ఈ వడపోతలో నిలిచిన రెండు మూడు టికెట్లలో ఏది కొనాలో అప్పుడు ధర తేలుస్తుంది.

దారి: 4+16 మంచిదా, 10+10 మంచిదా?

హైదరాబాద్ నుంచి ఒక్క స్టాప్‌తో వెళ్లే దారులు ముఖ్యంగా రెండు రకాలు. గల్ఫ్ మీదుగా వెళ్తే దుబాయ్, దోహా, అబుదాబీల్లో ఎక్కడికైనా మొదటి విమానం సుమారు నాలుగు గంటలు. అసలు ప్రయాణమంతా రెండో విమానంలోనే. దుబాయ్ నుంచి డాలస్, హ్యూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో ఏదైనా దాదాపు 16 గంటలు, న్యూయార్క్ అయితే 14. యూరప్ మీదుగా అయితే లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా ఉన్నాయి. లుఫ్తాన్సా ఈ సర్వీసును 2024 జనవరిలో మొదలుపెట్టింది. అక్కడికి తొమ్మిది, పది గంటలు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు ఎనిమిది, డాలస్‌కు పది పదకొండు.

గాల్లో ఉండే మొత్తం గంటలు రెండు దారుల్లోనూ పెద్ద తేడా ఉండవు. ఒంటికి మాత్రం చాలా తేడా. నడుం నొప్పి, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు పది గంటల దాకా ఎలాగో గడుస్తుంది. ఆ తర్వాతి ప్రతి గంటా భారమే. మధ్యలో దిగి, ఎయిర్‌పోర్టులో ఓ అరగంట నడిచి, వెడల్పుగా కాళ్లు చాపుకుని కూర్చుని, మళ్లీ ఎక్కితే రెండో పది గంటలు కొత్తగా మొదలైనట్టు ఉంటుంది. అందుకే అరవై దాటినవాళ్లు ఇద్దరూ కలిసి వెళ్తుంటే, వాళ్లలో ఒక్కరైనా బోర్డు చదివి గేటు వెతుక్కోగలిగితే, నేను యూరప్ దారికే మొగ్గుతాను.

అమ్మ ఒక్కతే వెళ్తోంది, మొదటిసారి, భాష ఇబ్బంది అనుకుంటే మాత్రం గల్ఫ్ మేలు. హైదరాబాద్ నుంచి ఎక్కినవాళ్లలో సగంమంది మనవాళ్లే ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరు అదే అమెరికా విమానానికి మారతారు. సిబ్బందిలో హిందీ వచ్చినవాళ్లు సాధారణంగా దొరుకుతారు. కాకపోతే ఒక్క షరతు: రెండో విమానం సరాసరి మీ ఊళ్లో దిగాలి. న్యూయార్క్‌లో దిగి, సామాను తీసుకుని, మళ్లీ వేసి, ఇంకో డొమెస్టిక్ విమానం ఎక్కాల్సి వస్తే ఎంత మంచి సీటిచ్చినా ఆ సుఖం అక్కడే పోతుంది. మీరుండేది ఆస్టిన్‌లోనో ఫీనిక్స్‌లోనో అయితే లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా అక్కడికే వస్తుంది. గల్ఫ్ విమానాలు ఆ ఊళ్లకు రావు. మూడో విమానం తప్పుతుందంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి అదే తీసుకోండి.

అబుదాబీకి ఒక ప్రత్యేకత ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ 2014 నుంచి అక్కడే, విమానం ఎక్కకముందే జరుగుతుంది. పద్నాలుగు గంటలు కూర్చుని దిగాక వాచిన కాళ్లతో మళ్లీ గంటసేపు లైన్లో నిలబడే పని ఉండదు, డొమెస్టిక్ విమానం దిగినట్టు బయటికొచ్చేయొచ్చు. పెద్దవాళ్లకు ఇది సీటు సుఖం కంటే తక్కువేమీ కాదు. కాకపోతే ఆ తనిఖీకి టైమ్ పడుతుంది కాబట్టి అబుదాబీలో మూడు గంటలకు తక్కువ గ్యాప్ ఉన్న టికెట్ కొనొద్దు. మిగతా చోట్ల రెండున్నర నుంచి నాలుగు గంటలు సరిపోతాయి. ఆరు దాటితే కుర్చీలో కునికిపాట్లే.

ఢిల్లీ మీదుగా ఎయిరిండియా అయితే విమానం మన దేశంలోనే మారొచ్చు, మాటకు ఇబ్బంది ఉండదు. అయితే 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ గగనతలం మూసేశాక ఈ దారి పొడవైంది, కొన్ని సర్వీసులు యూరప్‌లో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. నాన్‌స్టాప్ అన్న మాట చూసి ఆగిపోకుండా, మీ తేదీకి ఎన్ని గంటలు చూపిస్తోందో చూడండి.

ఇంకొక్క మాట. మీరే ఇండియా వెళ్తూ, పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో ట్రాన్సిట్ వీసా నిబంధన తప్పకుండా చూసుకోవాలి. గల్ఫ్‌లో ఎయిర్‌పోర్టు దాటకుండా విమానం మారడానికి ఆ టెన్షన్ లేదు.

విమానం మోడల్: ఒక అంగుళం తేడా

బుకింగ్ పేజీలో డిటెయిల్స్ నొక్కితే విమానం పేరు కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. ఎకానమీలో సుఖం మాత్రం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బోయింగ్ 777లో మొదట్లో ఎకానమీ వరసకు తొమ్మిది సీట్లుండేవి. ఇప్పుడు చాలా సంస్థలు పది పెట్టాయి, 3-4-3 అన్నమాట. విమానం వెడల్పు అదే కాబట్టి సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలకు తగ్గింది. ఎయిర్‌బస్ ఏ350లో సాధారణంగా 3-3-3, సీటు సుమారు 18 అంగుళాలు. ఏ380 కింది అంతస్తులో పది సీట్లే ఉన్నా విమానం వెడల్పెక్కువ కాబట్టి అక్కడా 18 దాకా వస్తుంది. బోయింగ్ 787 కూడా 3-3-3 గానీ సీటు మాత్రం 17 చిల్లరే.

ఒక్క అంగుళానికి ఇంత చర్చ ఏమిటి అనిపించొచ్చు. భుజాల దగ్గర చూడండి. 17 అంగుళాల సీట్లో మామూలు ఒళ్లున్న ముగ్గురు మగవాళ్లు పక్కపక్కన కూర్చుంటే మధ్య మనిషి రెండు చేతులూ పొట్ట మీద ముడుచుకుని కూర్చోవాలి. అన్నం తినేటప్పుడు మోచేయి పక్కవాళ్ల ట్రేకి తగులుతుంది. నిద్రపోవాలంటే ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి సర్దుకోవాలి. ఆ ఒక్క అంగుళం ఉంటే భుజాలు ఒరుసుకోకుండా కూర్చోవచ్చు. నాలుగు గంటలకైతే పట్టించుకోనక్కర్లేదు, పదహారు గంటలకు పట్టించుకోవాలి.

ఇక గాలి సంగతి. పాత తరహా విమానాల్లో క్యాబిన్ లోపలి గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉండొచ్చు. 787, ఏ350ల ఒళ్లు కాంపోజిట్ పదార్థంతో చేసింది కాబట్టి ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, లోపల దాన్ని 6,000 అడుగుల స్థాయిలో ఉంచగలుగుతారు. తలనొప్పి, దిగాక ఆ నీరసం కొంత తగ్గుతాయి. 787లో కిటికీకి షట్టర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దమే ముదురు రంగులోకి మారుతుంది. పగటి వెలుతురుంటే నిద్రపట్టనివాళ్లు కళ్లకు గంతలు పట్టుకెళ్లాలి.

కాబట్టి ఒకే ధరకు దోహా నుంచి 777 ఒకటి, ఏ350 ఒకటి కనిపిస్తే ఏ350 తీసుకోండి. దుబాయ్ నుంచి న్యూయార్క్, లాస్ ఏంజిలెస్ లాంటి చోట్లకు ఏ380 దొరుకుతుంది, డాలస్‌కు 777. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకు హైదరాబాద్ నుంచి ఎక్కువగా 787లే. మొదటి నాలుగు గంటల విమానం ఏదైనా ఫర్వాలేదు, పొడవైన విమానం మాత్రం చూసి ఎంచుకోవాలి.

కిటికీ పక్కనా, నడవ పక్కనా?

"అమ్మకి విండో ఇద్దాం, సరదాగా చూస్తుంది" అని పిల్లలు ప్రేమతోనే అంటారు. పదహారు గంటల విమానంలో ఎక్కినప్పుడు ఒక పావుగంట, దిగేముందు ఒక పావుగంట తప్ప బయట చూడటానికి ఏమీ ఉండదు. మిగతా టైమంతా కిటికీలు మూసేయమంటారు.

ఆ కిటికీ సీట్లో అసలు జరిగేది వేరు. పక్కన ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు. భోజనం అయ్యాక లైట్లు ఆర్పేస్తారు, ఇద్దరూ దుప్పటి కప్పుకుని నిద్రపోతారు. బయటికి రావాలంటే ఇద్దరినీ లేపాలి, లేచాక వాళ్లు ఇయర్‌ఫోన్లు తీసి, ట్రే మడిచి, నడవలోకి వచ్చి నిలబడాలి. ఒకసారి లేపుతారు. రెండోసారి "పాపం, ఇప్పుడే పడుకున్నారు" అని ఆగుతారు. మూడోసారి ఆ అవసరమే రాకుండా నీళ్లు తాగడం మానేస్తారు. బీపీకి వేసుకునే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రను ఆ పూటకు పక్కన పెట్టేసేవాళ్లూ ఉన్నారు. మన అమ్మలు ఇది ఎవరికీ చెప్పరు. దిగాక పాదాలు చెప్పుల్లో పట్టకపోతే అప్పుడు బయటపడుతుంది.

క్యాబిన్ గాలిలో తేమ ఇరవై శాతానికి మించదు, ఎడారి గాలి లాంటిది. అందులో నీళ్లు తాగకుండా, కదలకుండా గంటల తరబడి కూర్చోవడం మంచిది కాదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన అధ్యయనం చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి వచ్చేంత ముప్పు, భయపడాల్సినంత కాదు. వయసు, ఊబకాయం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, క్యాన్సర్ చికిత్స లాంటివి తోడైతే మాత్రం పెరుగుతుంది. అలాంటివాళ్లు డాక్టరును అడిగి బిగుతు సాక్స్ తీసుకోవాలి. మిగతావాళ్లు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ, రెండు గంటలకోసారి లేచి వెనక దాకా నడిచి రావాలి. అలా లేవాలంటే నడవ పక్క సీటే కావాలి. కిటికీ ముచ్చట హైదరాబాద్–దుబాయ్ విమానంలో తీర్చండి.

ఏ నడవ అన్నది కూడా చూడాలి. 3-4-3 విమానంలో సీట్లు ఎడమ నుంచి ఏ-బీ-సీ, డీ-ఈ-ఎఫ్-జీ, హెచ్-జే-కే. కుడి మోకాలు నొప్పి అయితే సీ లేదా జీ ఇవ్వండి, నడవ కుడి వైపు ఉంటుంది, ట్రాలీ రానప్పుడు ఆ కాలు చాపుకోవచ్చు. ఎడమ మోకాలైతే డీ లేదా హెచ్. సీట్ మ్యాప్ మీద అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ, పదో గంటలో తేడా తెలుస్తుంది.

ఇద్దరు వెళ్తుంటే బీ-సీ కంటే డీ-ఈ మేలు. బీ-సీలో కూర్చుంటే ఏలో ఉన్న కొత్త మనిషి లేచినప్పుడల్లా ఇద్దరూ లేవాలి. డీ-ఈలో నాన్నగారు నడవ పక్కన, అమ్మ లోపల కూర్చుంటే ఆమె లేపేది ఆయన్నే. అటువైపు ఎఫ్‌లో ఉన్నవాళ్లు జీ వైపు నుంచి వెళ్తారు. 3-3-3 విమానంలోనూ మధ్య వరసలో ఇద్దరికీ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఏ330లోనూ, కొన్ని ఏ380ల పై అంతస్తులోనూ 2-4-2 ఉంటుంది, అక్కడ కిటికీ వైపు రెండు సీట్లు దంపతులకు అచ్చంగా సరిపోతాయి. 777లోనూ తోక దగ్గర విమానం సన్నబడే చోట చివరి కొన్ని వరసల్లో కిటికీ వైపు రెండేసి సీట్లే ఉంటాయి. కుదుపు, చప్పుడు కొంచెం ఎక్కువ, భోజనం ట్రాలీ ఆలస్యంగా రావచ్చు, అయినా మూడో మనిషి లేని సుఖం దాన్ని మించుతుంది. అన్నిటికంటే చివరి వరస మాత్రం వద్దు, సీటు వెనక్కి సరిగా వాలకపోవచ్చు, టాయిలెట్ లైను పక్కనే నిలబడుతుంది. కుదుపులంటే భయపడేవాళ్లకు రెక్కల దగ్గరి వరసలు నయం.

ఏ, సీ బుక్ చేసి మధ్యది ఖాళీగా ఉంటుందని ఆశపడే చిట్కా ఒకటి ఉంది. ఫిబ్రవరిలోనో సెప్టెంబరులోనో పనిచేయొచ్చు. మే, జూన్, డిసెంబరుల్లో విమానాలు నిండుగా వెళ్తాయి, నమ్ముకోవద్దు.

డబ్బు కట్టి తీసుకునే సీట్లు

ఎగ్జిట్ రో సీట్లో కాళ్లకు చోటు బాగా ఉంటుంది. పొడుగు మనుషులకు మంచిది. అమ్మానాన్నలకు వద్దు. అత్యవసరంలో తలుపు తీయడానికి సాయపడగలవాళ్లనే అక్కడ కూర్చోనిస్తారు. వీల్‌చెయిర్ అడిగినవాళ్లకూ, గర్భిణులకూ, పిల్లలకూ ఇవ్వరు. పైగా ట్రే, స్క్రీన్ చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్‌లోనే దాచి ఉంటాయి కాబట్టి అది పైకి లేవదు, సీటు ఇంకొంచెం ఇరుకు. తలుపు దగ్గర చలి కూడా.

గోడకు ఎదురుగా ఉండే మొదటి వరస, అంటే బల్క్‌హెడ్, బయటికి రావడానికి సులువు, ముందు సీటు వెనక్కి వాలి మీద పడదు. కానీ కాళ్ల దగ్గర బ్యాగు పెట్టుకోనివ్వరు, మందుల సంచీ కూడా పైకెక్కించాలి. చంటిపిల్లల ఊయల బిగించేది ఆ గోడకే. నెలల పిల్లతో వెళ్తున్నవాళ్లకు అదే సరైన చోటు, ముందే ఫోన్ చేసి అడగాలి. సీట్ బెల్ట్ లైటు వెలిగినప్పుడల్లా పిల్లను తీసి ఒళ్లో పెట్టుకోవాలి కాబట్టి పాకే వయసొచ్చిన పిల్లకు ఊయల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. రెండేళ్లు దాటితే ఎలాగూ సొంత సీటే. ముగ్గురున్న కుటుంబం ఏ-బీ-సీ మొత్తం తీసుకుని పిల్లను కిటికీ వైపు కూర్చోబెడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

ప్రీమియం ఎకానమీలో ముందు సీటుకూ మన సీటుకూ దూరం 38 అంగుళాల దాకా ఉంటుంది, మామూలు ఎకానమీలో 31, 32. సీటు వెడల్పు, వాలడం రెండూ ఎక్కువే, చాలావాటిలో పిక్కలకు ఆసరా ఉంటుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, ఎయిరిండియాలకు ఇది ఉంది. ఎమిరేట్స్‌కు ఉంది గానీ అన్ని విమానాల్లో లేదు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఎకానమీ తర్వాత నేరుగా బిజినెస్సే. ఎకానమీ ధరకు ఒకటిన్నర రెట్ల లోపు దొరికితే డెబ్బై దగ్గరపడినవాళ్లకు తీసుకోమంటాను. రెట్టింపు అడుగుతుంటే ఆ డబ్బు పెట్టొద్దు, మంచి విమానంలో మంచి నడవ సీటు చాలు.

బిజినెస్ అంటే పడక. నడుం ఆపరేషన్ అయినవాళ్లకు, ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు చెప్పినవాళ్లకు ఒక వైపైనా ప్రయత్నించండి. పాత ప్రయాణాలకు ఎయిర్‌లైన్ ఇచ్చిన మైళ్లతోనో, పై తరగతికి ఇంత ఇస్తామని చెప్పే అప్‌గ్రేడ్ బిడ్‌తోనో కొన్నిసార్లు అందుబాటులోకి వస్తుంది. అక్కడా సీట్ మ్యాప్ చూడాలి: ఎమిరేట్స్ పాత 777ల్లో బిజినెస్ 2-3-2, అంటే మధ్య సీటు ఉంటుంది. ఏ380లో, కొత్తగా మార్చిన 777ల్లో 1-2-1.

బుక్ చేసే రోజు, ఆ తర్వాత

ఇద్దరికి రానూపోనూ ఒక్క స్టాప్ టికెట్ అంటే ఎనిమిది సీట్లు. అన్నిటికీ డబ్బు కట్టక్కర్లేదు. గల్ఫ్ దారిలో పొడవైన విమానానికి రెండు, తిరుగు ప్రయాణంలో రెండు, మొత్తం నాలుగింటికి కట్టండి. చిన్న విమానాలకు చెకిన్ తెరవగానే, అంటే 24 నుంచి 48 గంటల ముందు, ఉచితంగా దొరికినవి తీసుకోండి. అన్నిటికంటే చౌక ఫేర్ కొని సీట్లకు విడిగా కట్టడం కంటే, సీటు కలిసి వచ్చే పై రకం ఫేర్ చౌకగా పడుతుందేమో కూడా కూడి చూడండి.

ఏజెంటు దగ్గర కొంటే ఎయిర్‌లైన్ సొంత పీఎన్ఆర్ అడగండి. ఏజెంటు పంపే కాగితం మీది నంబరుతో ఒక్కోసారి ఎయిర్‌లైన్ సైటు తెరుచుకోదు, సీటూ భోజనమూ మార్చడానికి వీలుండదు. ఏరోలోపా సైటులో ఆయా విమానాల సీట్ మ్యాప్‌లు వివరంగా ఉంటాయి, కిటికీ లేని కిటికీ సీటు ఏదో కూడా తెలుస్తుంది.

శాకాహారులకు ఏవీఎమ్ఎల్ అనే కోడ్‌తో భోజనం కనీసం 24 గంటల ముందు పెట్టండి. మన మసాలాల వంట వస్తుంది, పైగా స్పెషల్ భోజనాలు మామూలు ట్రాలీ కంటే ముందే ఇస్తారు. ట్రాలీ నడవలోకి రాకముందే ఒకసారి టాయిలెట్‌కు వెళ్లి రమ్మని చెప్పండి. అది ఒకసారి బయల్దేరితే తినడం అయ్యి ప్లేట్లు తీసేదాకా దారి ఉండదు. వీల్‌చెయిర్ నిజంగా నడవలేనివాళ్లకు నిస్సంకోచంగా అడగండి, డబ్బు తీసుకోరు.

బట్టల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు: వదులుగా ఉండే నూలు బట్టలు, ఒక శాలువా, వాచినా పట్టేలా పట్టీ సడలించుకునే చెప్పులు.

అన్నీ కుదిరాక కూడా ఎయిర్‌లైన్ విమానం మార్చొచ్చు, టైమ్ మార్చొచ్చు. అప్పుడు మీరు ఎంచుకున్న సీట్లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి, సీ కాస్తా బీ అవుతుంది. నెలకోసారి, చివరి వారంలో రోజు విడిచి రోజు బుకింగ్ తెరిచి చూడండి. మారితే వెంటనే ఫోన్ చేసి పాత సీటు నంబరు, రసీదు చెప్పండి. అదే రకం సీటు ఇవ్వమని అడగండి, ఇవ్వలేకపోతే కట్టిన డబ్బు వెనక్కి అడగండి. తిరుగు ప్రయాణం సీట్లను కూడా అదే సమయంలో చూడండి. ఆరు నెలల తర్వాతి విమానం కదా అని వదిలేస్తారు గానీ, షెడ్యూల్ ఎక్కువగా మారేది దానికే.